సర్వర్ సమాచార పునరుద్ధరణ: దాచిన నకలును తిరిగి వాడుకలోకి తెచ్చే విధానం

కర్ణాటకలో పహాణి, తమిళనాడులో పట్టా-చిట్టా, మహారాష్ట్రలో సాత్‌బారా, ఒడిశాలో ఖతియాన్. పేరు ఏదైనా, ఇవి రైతు కుటుంబానికి నేలపై గల హక్కును తెలిపే పత్రాలు. ఒకప్పుడు కరణం గారి ఇంట గుడ్డమూటలో ఉన్న ఈ లెక్కలు నేడు కంప్యూటర్ సర్వర్లలో ఉన్నాయి. రేషన్ కార్డు, పింఛను, పిల్లల మార్కుల జాబితా, సహకార సంఘంలోని అప్పు లెక్క కూడా అక్కడికే చేరాయి. బళ్లారి, పావగడ, హోసూరు, బరంపురం, సిరొంచ, యానాం పరిసరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రెండు రాష్ట్రాలలో భూమి, బంధుత్వం, చదువు ఉండడం సాధారణం. అటువంటి వారి సమాచారం రెండు ప్రభుత్వాల సర్వర్లలో విడివిడిగా ఉంటుంది.

సర్వర్ అనగా అనేకులకు ఒకేసారి సమాచారాన్ని అందించే కంప్యూటర్. అది కూడా యంత్రమే. డిస్కు చెడిపోవచ్చు, పిడుగుపాటుకు కాలిపోవచ్చు, ఉద్యోగి పొరపాటున ఒక ఫోల్డరును తుడిచివేయవచ్చు, దుండగులు సమాచారానికి తాళం వేసి డబ్బు అడగవచ్చు. ఇటువంటి ఆపదలను తలచి ముందుగా తీసి దాచిన నకలును బ్యాకప్ అంటారు. ఆ నకలు నుండి సమాచారాన్ని యథాస్థితికి తెచ్చే పనిని పునరుద్ధరణ లేక రిస్టోర్ అంటారు. బ్యాకప్ తీయడం సగం పని మాత్రమే. అవసరం వచ్చిన నాడు అది తిరిగి రాకపోతే ఆ సగానికి విలువ లేదు.

దాచినంత మాత్రాన చాలదు

ఈ సత్యానికి తెలుగువారి చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. 15వ శతాబ్దానికి చెందిన తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారు. తాటాకు చెదలకు లోబడుతుంది, రాగి లోబడదు. నిల్వ చేసే సాధనాన్ని ఎన్నుకోవడంలో ఆనాటివారు చూపిన వివేకం మెచ్చదగినది. కాని ఆ రేకులు శతాబ్దాల పాటు లోకం దృష్టికి దూరంగా ఉండిపోయి, 20వ శతాబ్ది తొలి దశకాలలో గాని వెలుగులోకి రాలేదు. అన్నమయ్య రచించినట్లు చెప్పే 32 వేల సంకీర్తనలలో సగానికి లోపే లభించాయి.

ఇందులో మరొక పాఠం కూడా ఉన్నది. రేకుల మీద సాహిత్యం ఉన్నది, రాగం పేరు ఉన్నది, స్వరం మాత్రం లేదు. అందుచేత మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఆ కీర్తనలకు కొత్తగా స్వరాలు కూర్చవలసి వచ్చింది. నకలులో చేర్చనిది ఎన్ని సాధనాలున్నా తిరిగి రాదు. సర్వర్ విషయంలోనూ ఇంతే. ఫైళ్లను దాచి, వాటిని తెరిచే ప్రోగ్రామును, దాని అమరికలను, పాస్‌వర్డును దాచకపోతే చేతికి వచ్చేది స్వరం లేని సాహిత్యమే.

బ్యాకప్‌లో మూడు రకాలు

పునరుద్ధరణను అర్థం చేసుకోవాలంటే ముందు నకళ్లలోని రకాలను తెలుసుకోవాలి.

సంపూర్ణ బ్యాకప్: ఎంచుకున్న సమాచారం మొత్తాన్ని ప్రతిసారీ నకలు తీయడం. కాలం, స్థలం ఎక్కువ పడతాయి. తిరిగి తీయడం మాత్రం అన్నిటికంటె సులభం.

ఇంక్రిమెంటల్ బ్యాకప్: ఏ రకమైనా సరే, క్రితం బ్యాకప్ తరువాత మారిన ఫైళ్లను మాత్రమే తీయడం. రోజూ కొద్ది నిమిషాలలో ముగుస్తుంది.

డిఫరెన్షియల్ బ్యాకప్: చివరి సంపూర్ణ బ్యాకప్ తరువాత మారినవన్నీ తీయడం. వారం గడిచేకొద్దీ దీని పరిమాణం పెరుగుతుంది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఆదివారం రాత్రి సంపూర్ణ బ్యాకప్, మిగిలిన రాత్రులు ఇంక్రిమెంటల్ తీసే కార్యాలయంలో గురువారం మధ్యాహ్నం డిస్కు పోయిందనుకుందాం. అప్పుడు ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం అనే నాలుగు నకళ్లను వరుసగా పేర్చాలి. మంగళవారం నకలు చెడిపోతే ఆ రోజు మాత్రమే మారి, బుధవారం మళ్లీ ముట్టుకోని ఫైళ్ల కొత్త రూపం దక్కదు. డిఫరెన్షియల్ పద్ధతిలో అయితే ఆదివారం, బుధవారం నకళ్లు రెండే చాలు. పద్ధతి ఏదైనా గురువారం ఉదయం చేసిన పని మాత్రం పోయినట్లే. ఆ పనిని కాగితాల నుండి తిరిగి ఎక్కించుకోవలసిందే.

ఈ నష్టపు పరిమితిని ముందుగానే నిర్ణయించుకోవాలి. ఎంత కాలపు పని పోయినా భరించగలం, ఎన్ని గంటలలో తిరిగి నిలబడాలి అనే రెండు ప్రశ్నలకు సమాధానం రాసుకున్న తరువాతనే బ్యాకప్ వేళలను అమర్చుకోవాలి. మొదటిదానిని ఆర్.పి.ఓ. అనీ, రెండవదానిని ఆర్.టి.ఓ. అనీ ఈ వృత్తిలోని వారు వ్యవహరిస్తారు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు

ఒకటి రెండు కంప్యూటర్లయితే చేత్తో నకలు తీయవచ్చు. పదుల సంఖ్యలో ఉన్నప్పుడు ఏ ఫైలు, ఏ తేదీది, ఏ టేపు మీద ఉన్నదో మనిషి గుర్తుంచుకోలేడు. ఆ లెక్క చూడడానికే బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో తయారైన అమాండా, 2000లో కెర్న్ సిబాల్డ్ ప్రారంభించగా 2002లో ప్రజలకు అందిన బాకులా వీటిలో పేరెన్నిక గన్నవి. రెండింటికీ మూలకోడు బహిరంగంగా ఉన్నది, ఉచితంగా వాడుకోవచ్చు. బాకులాను ఉదాహరణగా తీసుకుంటే అందులో ఐదు ముఖ్య భాగాలు కనిపిస్తాయి.

1. డైరెక్టర్: ఎప్పుడు, ఎవరిది, ఎక్కడికి నకలు తీయాలో ఆజ్ఞాపించే పెద్ద.
2. ఫైల్ డెమన్: ప్రతి సర్వర్‌లో కూర్చుని ఫైళ్లను చదివి పంపేది, పునరుద్ధరణ సమయంలో తిరిగి రాసేది.
3. స్టోరేజ్ డెమన్: టేపు మీద గాని డిస్కు మీద గాని భద్రపరిచే భాండాగారి.
4. క్యాటలాగు: ఏ ఫైలు ఏ వాల్యూములో ఉన్నదో రాసి ఉంచే చిట్టా. ఇది ఒక డేటాబేసులో ఉంటుంది.
5. కన్సోల్: నిర్వాహకుడు ఆదేశాలు ఇచ్చే స్థలం.

వీటిలో సామాన్యంగా నిర్లక్ష్యానికి గురయ్యేది క్యాటలాగు. గ్రంథాలయంలో పుస్తకాలన్నీ ఉండి పట్టిక కాలిపోతే కావలసిన పుస్తకం వెదకడం ఎంత కష్టమో, క్యాటలాగు లేని టేపులతో పునరుద్ధరణ అంత కష్టం. అందువల్ల రోజువారీ బ్యాకప్ ముగిసిన వెంటనే క్యాటలాగును కూడా విడిగా నకలు తీస్తారు. అది కూడా పోతే బీస్కాన్ అనే ఉపకరణం వాల్యూములను ఆసాంతం చదివి పట్టికను తిరిగి తయారుచేస్తుంది. బీఎక్స్‌ట్రాక్ట్ అనేది పట్టికతో పని లేకుండానే ఫైళ్లను బయటకు తీస్తుంది. రెండూ కాలం తీసుకునే మార్గాలే.

పునరుద్ధరణ క్రమం

సాఫ్ట్‌వేర్ పేరు మారినా పని వరుస ఇంచుమించు ఒక్కటే.

మొదటి మెట్టు: ఆగడం. సమాచారం పోయిందని తెలియగానే ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకూడదు. తుడిచివేసిన ఫైళ్లు ఉన్న చోట కొత్తవి పడితే మిగిలిన ఆశ కూడా పోతుంది. తాళం వేసే వైరస్ సోకితే ముందు ఆ సర్వర్‌ను నెట్‌వర్కు నుండి విడదీయాలి. బ్యాకప్ డిస్కును దానికి తగిలించరాదు, తగిలిస్తే నకలుకు కూడా తాళం పడుతుంది.

రెండవ మెట్టు: కారణం తెలుసుకోవడం. డిస్కు పాడైతే చివరి నకలు చాలు. వైరస్ అయితే అది ప్రవేశించిన తేదీకి ముందరి నకలు కావాలి. ఎవరో పదిరోజుల క్రితం తప్పుగా మార్చిన లెక్క అయితే పదకొండు రోజుల నాటి నకలు కావాలి. అందుకే కొన్ని వారాల నకళ్లను వరుసగా దాచుకుంటారు.

మూడవ మెట్టు: నకలును ఎంచుకోవడం. బాకులా కన్సోల్‌లో రిస్టోర్ అనే ఆదేశం ఇస్తే ఒక జాబితా కనిపిస్తుంది. ఒక సర్వర్ యొక్క అతి తాజా బ్యాకప్ కావాలా, నిర్ణీత సమయానికి ముందరిది కావాలా అని అడుగుతుంది. సంపూర్ణ, డిఫరెన్షియల్, ఇంక్రిమెంటల్ నకళ్లలో ఏవేవి కలిపితే ఆనాటి స్థితి వస్తుందో క్యాటలాగును చూసి తానే నిర్ణయిస్తుంది.

నాల్గవ మెట్టు: ఫైళ్లను గుర్తించడం. ఫోల్డర్లు చెట్టు కొమ్మల మాదిరి కనిపిస్తాయి. మార్క్ అనే ఆదేశంతో కావలసిన వాటిని గుర్తించి, డన్ అని ముగించాలి. ఒక్క ఫైలు కోసం సర్వర్ మొత్తాన్ని వెనక్కి తీయనవసరం లేదు.

ఐదవ మెట్టు: వేరే చోటికి తీయడం. తిరిగి వచ్చిన ఫైళ్లను నేరుగా పాత స్థానంలో పరచడం ప్రమాదకరం. ముందుగా వేరొక డైరెక్టరీలోకి గాని వేరొక సర్వర్‌లోకి గాని తీసి, చూసి, తరువాత అసలు స్థానానికి చేర్చాలి. ఇంక్రిమెంటల్ నకళ్లను కలిపినప్పుడు మధ్యలో కావాలని తొలగించిన ఫైళ్లు కూడా మళ్లీ ప్రత్యక్షం కావచ్చు. బాకులాలో అక్యురేట్ అనే అమరికను ముందే పెట్టుకుంటే ఈ చిక్కు తప్పుతుంది.

ఆరవ మెట్టు: సరిచూడడం. ఫైళ్ల సంఖ్య, పరిమాణం, యజమాని పేరు, అనుమతులు సరిపోయాయో లేదో చూడాలి. ప్రతి ఫైలుకు చెక్‌సమ్ అనే గణిత ముద్ర ఉంటుంది. ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారుతుంది. ముద్రలు సరిపోలితే నకలు చెక్కుచెదరలేదని అర్థం.

ఏడవ మెట్టు: ఎరిగిన లెక్కతో పోల్చడం. యంత్రం సరే అన్న తరువాత కూడా ఆ పని తెలిసిన మనిషి పదిపన్నెండు ఖాతాలను కాగితంతో పోల్చి చూడాలి. ఆ తరువాతనే ప్రజలకు తలుపు తెరవాలి.

డేటాబేసు విషయంలో జాగ్రత్త

భూమి లెక్కలు, బ్యాంకు ఖాతాలు డేటాబేసులో ఉంటాయి. నడుస్తున్న డేటాబేసు ఫైళ్లను మామూలు ఫైళ్ల వలె నకలు తీస్తే, రైలు కదులుతుండగా ప్రయాణికులను లెక్కించినట్లు ఉంటుంది. ఒక పెట్టె లెక్కించి రెండవ పెట్టెకు వెళ్లేలోగా కొందరు చోటు మారుతారు. అందుచేత డేటాబేసుకు ప్రత్యేకించిన డంప్ పద్ధతిని గాని, క్షణకాలపు చిత్రమైన స్నాప్‌షాట్‌ను గాని వాడతారు. దీనికి తోడు ప్రతి మార్పును వరుసగా రాసుకునే లాగ్ ఫైళ్లను దాచుకుంటే, కోరిన నిమిషం దాకా సమాచారాన్ని తిరిగి నడిపించవచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈ సౌకర్యం 2005లో వచ్చిన 8.0 సంచికతో మొదలైంది.

తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా లిపులతో పనిచేసేవారు మరొక అపాయాన్ని ఎదుర్కొంటారు. యూనికోడ్ సమాచారాన్ని తప్పు అక్షర సమితి అమరికతో తిరిగి ఎక్కిస్తే పేర్లన్నీ ప్రశ్నార్థక చిహ్నాలుగా మారిపోతాయి. అంకెలు సరిగానే ఉంటాయి, మనిషి పేరు మాయమవుతుంది. ఇక యూనికోడ్ వ్యాపించక ముందు అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో టైపు చేసిన పాత పత్రాలు బ్యాకప్ నుండి భద్రంగా తిరిగి వచ్చినా, ఆ ఫాంటు లేనిచోట అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. అటువంటి పత్రాలతోపాటు ఫాంటును కూడా దాచాలి. వీలైనప్పుడు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

లోకానుభవం నేర్పిన పాఠాలు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే ప్రసిద్ధ సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకొని మరొక సర్వర్‌లోని డేటాబేసును తుడిచివేశాడు. సుమారు 300 జి.బి. సమాచారం పోయింది. రోజువారీ డంప్ కోసం చూడగా అది చాలాకాలంగా విఫలమవుతున్నదని అప్పుడు తెలిసింది. డంప్ తీసే ప్రోగ్రాము 9.2 సంచిక, డేటాబేసు 9.6 సంచిక కావడమే కారణం. విఫలమైనట్లు రావలసిన ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు మరొక పనికై తీసిన స్నాప్‌షాట్ ఉండడంతో నష్టం ఆరు గంటల పనికి పరిమితమైంది. ఆ సంస్థ ఈ వైఫల్యాన్ని దాచకుండా ప్రపంచానికి వివరించడం మెచ్చదగినది.

2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటర్ వ్యవస్థలో పాత లాగ్ ఫైళ్లను తొలగించవలసిన బ్యాకప్ స్క్రిప్టు దోషం వల్ల పరిశోధకుల ఫైళ్లనే తొలగించింది. సుమారు 77 టి.బి. సమాచారం, 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు పోయాయి. కాపలాదారే కన్నం వేసిన తీరు ఇది.

2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టి.బి. సమాచారానికి తాళం పడినట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. దేశం నలుమూలల నుండి వచ్చిన రోగులకు చీటీలు చేత్తో రాయవలసి వచ్చింది. దాడికి గురికాని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలి ఉండడంతో ఈ-హాస్పిటల్ సమాచారాన్ని కొత్త సర్వర్లపైకి తిరిగి తీశారు. అయినప్పటికీ ముఖ్య సేవలు కోలుకోవడానికి సుమారు రెండు వారాలు పట్టింది.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ సమాచార కేంద్రానికి బ్యాటరీల వల్ల నిప్పంటుకొన్నది. ఉద్యోగులు దస్త్రాలు దాచుకునే జి-డ్రైవ్ అనే వ్యవస్థలోని 858 టి.బి. సమాచారం బూడిద అయింది. పరిమాణం మరీ పెద్దదని దానికి బయట నకలు ఉంచలేదు. సాంకేతికంగా ఎంతో ముందున్న దేశానికి కూడా ఈ గతి తప్పలేదు.

పాటించవలసిన నియమాలు

మూడు, రెండు, ఒకటి అనే సూత్రం ప్రసిద్ధం. సమాచారానికి మొత్తం మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే ఊరిలో గాని వేరే భవనంలో గాని ఉండాలి. వైరస్ దాడుల కాలంలో ఒక ప్రతి నెట్‌వర్కుకు తగలకుండా ఉండడం మరింత అవసరం.

రెండు డిస్కులపై ఒకేసారి రాసే రెయిడ్ పద్ధతిని బ్యాకప్ అనుకోరాదు. ఒక డిస్కు పోతే అది కాపాడుతుంది నిజమే. పొరపాటున ఫైలు తుడిచివేస్తే మాత్రం రెండింటిలోనూ ఒకేసారి తుడిచిపోతుంది.

కాలాన్ని ముందుగా లెక్క వేసుకోవాలి. ఒక టి.బి. సమాచారాన్ని సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద తిరిగి తెచ్చుకోవాలంటే, లైను పూర్తి వేగంతో నడిచినా సుమారు 22 గంటలు పడుతుంది. సెకనుకు ఒక గిగాబిట్ అయితే రెండుంబావు గంటలు. లైను బలహీనంగా ఉండే సరిహద్దు గ్రామాలలో దగ్గర్లో ఒక డిస్కు ప్రతి ఉంచడం ఇందుకే అవసరం.

నకలుకు రహస్య తాళం వేస్తే తాళంచెవిని నకలుతోపాటే ఒకేచోట పెట్టరాదు, ఒక్కరి జ్ఞాపకంలోనే ఉంచరాదు. ఆ ఉద్యోగి బదిలీ అయితే సమాచారం కూడా బదిలీ అయినట్లే.

అన్నిటికంటె ముఖ్యమైనది అభ్యాసం. మూడు నెలలకు ఒకసారైనా ఒక ఖాళీ యంత్రం మీదకు నకలును తీసి చూడాలి. పట్టిన సమయం, ఎదురైన ఆటంకం, సరిచేసిన తీరు ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. బ్యాకప్ విజయవంతం అని తెరమీద కనిపించే వాక్యం నకలు రాయబడిందని మాత్రమే చెబుతుంది, తిరిగి వస్తుందని చెప్పదు.

కుటుంబాలు చేయగలిగినది

ప్రభుత్వ సర్వర్లకు బ్యాకప్ ఉన్నదో లేదో గ్రామస్థుడు చూడలేడు. తన వంతు నకలును మాత్రం తాను ఉంచుకోవచ్చు. భూమి పత్రాల ధ్రువీకృత ప్రతిని ఏడాదికి ఒకసారి తీసుకుని తేదీతో సహా దాచుకోవాలి. సర్వర్ పాత తేదీకి వెనక్కి వెళ్లినప్పుడు మధ్యకాలంలో జరిగిన మార్పులే ముందుగా జారిపోతాయి. కనుక మ్యుటేషన్, అప్పు తీర్చిన నమోదు, పేరు దిద్దుబాటు జరిగిన వెంటనే రసీదును, కొత్త ప్రతిని తీసుకోవడం మేలు. ఏదైనా కార్యాలయంలో సర్వర్ చెడి బాగయిందని తెలిస్తే, ఆ వారంలోనే వెళ్లి తమ ఖాతాను ఒకసారి చూసుకోవాలి. రెండు భాషలలో పేరు నమోదైన వారు రెండు రూపాలనూ సరిచూసుకోవాలి.

ఊరి బడి, సహకార సంఘం, పాల కేంద్రం వంటి చోట్ల కంప్యూటర్ ఒక్కటే ఉంటే ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. రెండు బయటి డిస్కులు కొని, వారం మార్చి వారం ఒక్కొక్కదాని మీద నకలు తీసి, ఒకదానిని వేరొకరి ఇంట ఉంచితే చాలు. నెలకు ఒకసారి ఆ డిస్కులోని ఒక ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. నమ్మకమైన విత్తనాన్ని కూడా రైతు గుప్పెడు తీసి మొలకెత్తించి చూసిన తరువాతనే చేనిలో చల్లుతాడు. దాచిన సమాచారానికి కూడా ఆ మొలక పరీక్ష తప్పదు.